డిగ్రీ మొదటి సెమిస్టర్‌లో సైకాలజీ పేపరును ఎలా చదవాలి

డిగ్రీలో సైకాలజీని ఒక సబ్జెక్టుగా ఎంచుకున్న విద్యార్థులలో చాలామందికి ఆ పేరు అంతకుముందు రెండు చోట్ల మాత్రమే తారసపడి ఉంటుంది. టెట్‌కో డీఎస్సీకో సిద్ధమవుతున్న అన్నయ్య చేతిలోనో అక్క చేతిలోనో కనబడిన బిట్ల పుస్తకం ఒకటి, ఎదుటివారి మనసులోని మాటను ముఖం చూసి చెప్పేయవచ్చని నమ్మించే వీడియోలు రెండవది. మొదటిదాని వల్ల ఈ శాస్త్రమంటే శాస్త్రవేత్తల పేర్లను సిద్ధాంతాలతో జతపరచడమే అన్న అభిప్రాయం కలుగుతుంది. రెండవదాని వల్ల ఇదేదో రహస్య విద్య అన్న ఆశ పుడుతుంది. ఈ రెండింటిలో దేనితో తరగతిలో అడుగుపెట్టినా మొదటి నెల గడవకముందే నిరాశ తప్పదు.

ఈ పేపరును చదవడానికి మీకు కావలసినది ఒకే ఒక్క అలవాటు. పుస్తకంలో ఏ వాక్యం కనబడినా, అధ్యాపకులు ఏ సంగతి చెప్పినా, "ఈ విషయం ఎలా తెలిసింది?" అని అడగడం ఆ అలవాటు. మనుషుల గురించి ఎవరికి తోచిన మాట వారు చెప్పగలరు. వీధి అరుగు మీద కూర్చున్న పెద్దవారు కూడా మనస్తత్వాల గురించి గొప్ప మాటలు చెబుతారు, వాటిలో ఎన్నో నిజాలు కూడా ఉంటాయి. అయితే ఆ మాటను పరీక్షకు పెట్టి, తప్పయితే తప్పని తేలే అవకాశం కల్పించడం దగ్గరే ఈ శాస్త్రం మొదలవుతుంది. కింద చెప్పబోయే పనులన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూ అల్లినవే.

మొదటి వారంలో చేయవలసినవి

ముందుగా మీ విశ్వవిద్యాలయం వెబ్‌సైటు నుంచి సిలబస్ కాగితాన్ని దింపుకొని ప్రింటు తీసుకోండి. సైకాలజీ స్వభావం, చరిత్ర, పరిశోధన పద్ధతులు, మెదడు–నాడీవ్యవస్థ, సంవేదన–ప్రత్యక్షం, అవధానం, అభ్యసనం, స్మృతి, ప్రేరణ, ఉద్వేగాలు, ప్రజ్ఞ, మూర్తిమత్వం అనే అధ్యాయాలు దాదాపు అన్నిచోట్లా ఉంటాయి. వాటిని ఒక సెమిస్టర్‌లో పెట్టడమా, రెండింటికి పంచడమా అన్నది విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. ప్రాక్టికల్స్ ఎన్ని, రికార్డుకు ఎన్ని మార్కులు, ఇంటర్నల్ పరీక్షలు ఎప్పుడు, సమాధానాలు తెలుగులో రాయవచ్చా అన్న నాలుగు సంగతులను మొదటి వారంలోనే అధ్యాపకులను అడిగి ఆ కాగితం మీదే రాసుకోండి.

ఇంటర్‌లో ఈ సబ్జెక్టు చదివినవారు మీ తరగతిలో చాలా తక్కువమంది ఉంటారు కాబట్టి, వెనకబడి ఉన్నామన్న భయం అక్కరలేదు. ఎన్‌సీఈఆర్‌టీ వారి 11వ తరగతి సైకాలజీ పాఠ్యపుస్తకం ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది, దాని ఇంగ్లీషు సరళంగా ఉంటుంది. డిగ్రీ పుస్తకంలోని అధ్యాయం కొరుకుడు పడనప్పుడు, ముందు అందులోని అదే అధ్యాయాన్ని ఒకసారి చదివి రండి.

అధ్యాయాల వరుసను మాత్రం ఒకచోట మార్చి చదవమని సలహా ఇస్తాను. చరిత్ర కన్నా ముందు పరిశోధన పద్ధతుల అధ్యాయాన్ని పూర్తి చేయండి. చాలామంది దానిని విసుగు పుట్టించే అధ్యాయంగా భావించి పరీక్ష ముందు రోజుకు వదిలేస్తారు, కాని మిగిలిన అధ్యాయాలన్నింటి తాళంచెవి అందులోనే ఉంది. ట్యూషన్‌కు వెళ్ళే పిల్లల మార్కులను, వెళ్ళని పిల్లల మార్కులను పోల్చి, వెళ్ళేవారికి మార్కులు ఎక్కువ ఉన్నాయని తేలిందనుకోండి. దాని వల్ల ట్యూషన్ మార్కులను పెంచుతుందని రుజువైనట్టేనా? ట్యూషన్ ఫీజు కట్టగల ఇంట్లో విడిగా చదువుకునే గది ఉండవచ్చు, చదువుకున్న తల్లిదండ్రులు ఉండవచ్చు, ముందునుంచే చదువు మీద శ్రద్ధ గల పిల్లలే ట్యూషన్‌లో చేరి ఉండవచ్చు. రెండు విషయాలు కలిసి పెరగడం సహసంబంధం మాత్రమే. ఒకటి రెండవదానికి కారణమని చెప్పాలంటే పిల్లలను చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు మాత్రమే ట్యూషన్ చెప్పించి, ఆ తరువాత పోల్చాలి. ఇక్కడ మనం మార్చి చూసే ట్యూషన్ స్వతంత్ర చరం, దానివల్ల మారాయేమోనని కొలిచే మార్కులు పరతంత్ర చరం. ఈ ఒక్క ఉదాహరణను మీ మాటలలో, పుస్తకం చూడకుండా, ఇంట్లో ఎవరికైనా వివరించగలిగితే ఆ అధ్యాయంలో సగం వచ్చినట్టే.

చరిత్ర అధ్యాయం దగ్గర ఎక్కువ కాలం ఆగనవసరం లేదు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల, 1913లో వాట్సన్ ప్రవర్తనావాద ప్రకటన, మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో మొదలైన సైకాలజీ శాఖ వంటి కొన్ని మైలురాళ్ళను, ఒక్కొక్క ధోరణి దాని ముందరి ధోరణిలోని ఏ లోపాన్ని పట్టుకుని పుట్టిందో అన్న వరుసను గుర్తుంచుకుంటే చాలు. వుంట్ శిష్యులు తమ అనుభవాన్ని తామే పరిశీలించి చెప్పే అంతఃపరీక్షణను నమ్ముకున్నారు. ఇద్దరు పరిశీలకులు రెండు రకాలుగా చెబితే ఎవరిది సరైనదో తేల్చే మార్గమేది అన్న ప్రశ్న నుంచే, బయటికి కనబడే ప్రవర్తనను మాత్రమే కొలుద్దామన్న వాట్సన్ పట్టుదలకు బలం వచ్చింది.

పదాల నోటుపుస్తకం

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి ఈ పేపరులో ఎదురయ్యే అసలు కష్టం భావాలలో కన్నా పదాలలోనే ఉంటుంది. తరగతిలో మాట ఇంగ్లీషులో వినబడుతుంది, తెలుగు పుస్తకంలో సంస్కృత పదం కనబడుతుంది, ఆ సంస్కృత పదానికి మన ఇంటి భాషలో వేరే అర్థం ఉంటుంది. అందుకని వంద పేజీల నోటుపుస్తకం ఒకటి విడిగా పెట్టుకుని, ప్రతి పేజీలోనూ నాలుగు గళ్ళు గీయండి. మొదటి గడిలో ఇంగ్లీషు పదం, రెండవ గడిలో తెలుగు పారిభాషిక పదం, మూడవ గడిలో మీరే తయారుచేసిన ఒక ఉదాహరణ, నాలుగవ గడిలో ఆ పదం దేనితో పొరపాటు పడే ప్రమాదం ఉందో రాయండి. నాలుగవ గడి లేకపోతే ఈ నోటుపుస్తకానికీ నిఘంటువుకూ తేడా ఉండదు.

ఉదాహరణకు ఉద్దీపన, ప్రేరణ అన్న మాటలను తీసుకోండి. ఉద్దీపన అంటే జీవిని తాకే ఏదైనా శక్తి లేదా సంఘటన, అంటే వెలుగు, చప్పుడు, వాసన వంటివి. ప్రేరణ అంటే ప్రవర్తనను ఒక లక్ష్యం వైపు నడిపించే స్థితి, అంటే ఆకలి, గుర్తింపు పొందాలన్న కోరిక వంటివి. వాడుకలో రెండింటినీ దాదాపు ఒకేలా వాడతాం కాబట్టి పరీక్షలో ఇవి తారుమారవుతాయి. అలాగే సంవేదన, ప్రత్యక్షం అన్న జంటలో, కంటిలోకి వెలుగు చేరి నాడీ సంకేతంగా మారడం సంవేదన, ఆ సంకేతం నుంచి "అదిగో మా వీధి మొదట్లోని వేపచెట్టు" అని గుర్తించడం ప్రత్యక్షం.

అన్నిటికన్నా ఎక్కువమంది పొరబడేది ఋణ పునర్బలనం (నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్) దగ్గర. దీనిని శిక్ష అని రాసి మార్కులు పోగొట్టుకునేవారు ప్రతి సంవత్సరమూ ఉంటారు. ఇందులోని ఋణం అన్న మాటను చెడు అన్న అర్థంలో కాక, లెక్కల్లో తీసివేత గుర్తును చదివినట్టు చదవాలి. కారులో బెల్టు పెట్టుకోకపోతే ఒక చప్పుడు విసిగిస్తూ ఉంటుంది, బెల్టు పెట్టుకోగానే ఆ చప్పుడు ఆగిపోతుంది, దానితో బెల్టు పెట్టుకునే అలవాటు బలపడుతుంది. ఇక్కడ ఇబ్బంది పెట్టేదానిని తీసివేయడం వల్ల ప్రవర్తన పెరిగింది కాబట్టి ఇది ఋణ పునర్బలనం. శిక్ష వల్ల ప్రవర్తన తగ్గుతుంది. పునర్బలనం అన్న మాట ఎక్కడ కనబడినా, ముందు ధనమున్నా ఋణమున్నా, ప్రవర్తన పెరిగిందనే అర్థం చేసుకోవాలి. ఈ ఒక్క వాక్యాన్ని నాలుగవ గడిలో ఎర్ర సిరాతో రాసుకోండి.

అవధానం అన్న మాట తెలుగువారికి దక్కిన అదృష్టం. సైకాలజీలో అది ఏకాగ్రతతో ఒకదానిపై మనసు నిలపడాన్ని సూచిస్తే, మన సాహిత్య సభలలో ఎనిమిది మంది పృచ్ఛకులను ఒకేసారి ఎదుర్కొనే ప్రక్రియకు పేరుగా నిలిచింది. అష్టావధాన సభకు వెళ్ళే అవకాశం వస్తే నోటుపుస్తకం పట్టుకుని వెళ్ళండి. నిషిద్ధాక్షరి చెప్పే పృచ్ఛకుడు ఒక్కొక్క అక్షరాన్నీ అడ్డుకుంటూ ఉంటాడు. అప్రస్తుత ప్రసంగం చేసేవాడు కావాలనే దృష్టి మళ్ళిస్తాడు. మధ్యమధ్య కొట్టే గంటలను అవధాని లెక్క పెట్టుకోవాలి. చివరన పూరించిన పద్యాలన్నింటినీ ధారణ చేసి వినిపించాలి. అవధాని నిజంగా అన్నింటిమీదా ఒకేసారి దృష్టి పెడుతున్నారా, లేక ఒకదాని నుంచి మరొకదానికి వేగంగా మారుతున్నారా? ఛందస్సు మీద ఉన్న అధికారం వల్ల పద్యపాదం నడక తనంతట తాను సాగిపోయి, మిగిలిన పనికి మనసు ఖాళీ అవుతోందా? అవధానం, స్మృతి, నైపుణ్యం అన్న మూడు అధ్యాయాలు ఆ వేదిక మీద ఒకేచోట కనబడతాయి. అయితే సభలో చూసినది పరిశీలన మాత్రమే, ప్రయోగం కాదు. ఆ తేడాను కూడా అక్కడే రాసుకోండి.

ఒక్కొక్క పరిశోధనకు ఒక్కొక్క కార్డు

ఈ పేపరులో పాతిక ముప్పై ప్రసిద్ధ పరిశోధనలు వస్తాయి. వాటిని పేరు, సంవత్సరం, ఒక వాక్యం అన్న పద్ధతిలో నేర్చుకుంటే బిట్ పేపరుకు సరిపోతుంది కాని, మీకు అసలు విషయం అందదు. పోస్టుకార్డు పరిమాణంలో అట్టముక్కలు కత్తిరించుకుని, ఒక్కొక్క పరిశోధనకు ఒక్కొక్కటి చొప్పున, ఎవరు చేశారు, ఎవరి మీద చేశారు, ఏం చేశారు, దేనిని కొలిచారు, ఏం తేలింది అన్నవి ముందువైపు రాయండి. వెనకవైపు ఒకే ప్రశ్నకు సమాధానం రాయండి: ఈ ఫలితం నుంచి ఏమి చెప్పకూడదు?

స్మృతిని ప్రయోగాలతో కొలిచిన జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హౌస్ కార్డుతో మొదలుపెట్టవచ్చు. 1885లో వెలువడిన ఆయన పరిశోధనలో ప్రయోగం చేసే ప్రయోక్త ఆయనే, ప్రయోగానికి కూర్చునే ప్రయోజ్యుడూ ఆయనే. సుమారు 2,300 అర్థరహిత పదాంశాలను తయారుచేసుకుని, వాటి జాబితాలను తప్పులేకుండా అప్పజెప్పేదాకా వల్లించి, కొంత విరామం తరువాత వాటినే మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో కొలిచారు. అలా తగ్గిన శ్రమనే ఆదా అంటారు. 20 నిమిషాల విరామం తరువాత ఆదా 58 శాతం, ఒక రోజు తరువాత 34 శాతం, 31 రోజుల తరువాత 21 శాతం. పుస్తకాలలో కనిపించే విస్మృతి వక్రరేఖ ఇదే. మరచిపోవడం మొదట్లో చాలా వేగంగా, తరువాత చాలా నెమ్మదిగా జరుగుతుందన్నది దీని సారాంశం. ఇక కార్డు వెనకవైపు: కొలిచింది ఆదాను, గుర్తున్న పదాల సంఖ్యను కాదు, ప్రయోజ్యుడు ఒక్కరే, నేర్చుకున్నవి అర్థం లేని పదాంశాలు. కాబట్టి "మనిషి నెలరోజులలో చదివినదంతా 79 శాతం మరచిపోతాడు" అని రాయడం తప్పు. చిన్నప్పుడు నేర్చుకున్న వేమన పద్యం ఇప్పటికీ మీ నోట పలుకుతున్నదంటే, అర్థమూ లయా ఉన్నదానికి ఆ అంకెలు యథాతథంగా వర్తించవని మీకే తెలుస్తుంది. మరోవైపు, 2015లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ఆయన పద్ధతినే మళ్ళీ అనుసరించినప్పుడు చాలా దగ్గరగా ఉన్న వక్రరేఖే వచ్చింది. 130 ఏళ్ళ తరువాత కూడా నిలిచిన ఫలితం అది.

మెదడు అధ్యాయంలో వచ్చే ఫినియాస్ గేజ్ సంగతి ఇంకో రకం పాఠం. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుమార్గం పనిలో పేలుడు జరిగి, మీటరు కన్నా పొడవైన, సుమారు ఆరు కిలోల ఇనుప కడ్డీ ఆయన ఎడమ చెంప కింద నుంచి దూసుకుని తల పైభాగం నుంచి బయటికి వెళ్ళింది. ఆయన బతికాడు, కాని స్వభావం మారిపోయిందని వైద్యుడు రాశాడు. ఈ ఒక్క ఉదంతం ఆధారంగా, మెదడు ముందుభాగం దెబ్బతింటే మనిషి జీవితాంతం బాధ్యత తెలియనివాడైపోతాడని కొన్ని పుస్తకాలు తేల్చేస్తాయి. అయితే గేజ్ ఆ తరువాత చిలీ దేశంలో కొన్నేళ్ళపాటు గుర్రపు బగ్గీలు నడిపే ఉద్యోగం చేశాడు. ఆరు గుర్రాల బండిని వేళకు నడపడం బాధ్యత లేనివాడు చేయగల పని కాదు. ఒకే వ్యక్తిని గురించిన అధ్యయనం మనకు గొప్ప ప్రశ్నలను ఇస్తుంది. సాధారణ సూత్రాన్ని మాత్రం ఇవ్వలేదు.

వాట్సన్, రేనర్‌లు 1920లో ప్రచురించిన చిన్నారి ఆల్బర్ట్ ప్రయోగాన్ని చదివేటప్పుడు కార్డు వెనక నైతికత గురించి కూడా రాయాలి. తెల్ల ఎలుకను చూసి భయపడని పదకొండు నెలల పసివాడికి, ఎలుక కనబడినప్పుడల్లా ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టి పెద్ద శబ్దం వినిపించి, ఎలుకను చూస్తేనే ఏడ్చేలా చేశారు. ఆ భయాన్ని తీసివేయకుండానే బిడ్డను పంపించేశారు. ప్రయోజ్యుని సమ్మతి, హాని జరగకుండా చూసే బాధ్యత అన్న నేటి నియమాలు ఎందుకు వచ్చాయో ఈ ఒక్క కార్డు చాలు తెలియజేయడానికి. పక్క గదిలోని వ్యక్తికి కరెంటు షాకు ఇమ్మని ప్రయోక్త ఆదేశిస్తే మామూలు మనుషులు ఎంతదాకా వెళ్తారో చూసిన, మిల్‌గ్రామ్ 1963లో ప్రచురించిన విధేయత ప్రయోగానికీ ఇదే వర్తిస్తుంది. అందులో 40 మందిలో 26 మంది 450 వోల్టుల మీట దాకా వెళ్ళారన్న అంకెతో పాటు, పక్క గదిలోని వ్యక్తికి నిజంగా షాకు తగలలేదన్నది, పరిస్థితులు మార్చినప్పుడు విధేయత బాగా తగ్గిందన్నది కూడా రాయకపోతే ఆ కార్డు అసంపూర్ణం.

వీలైతే ప్రతి కార్డు మూలలో, ఈ ప్రయోగాన్ని ఇతరులు మళ్ళీ చేసినప్పుడు అదే ఫలితం వచ్చిందా అన్నది కూడా గుర్తు పెట్టండి. 2015లో వెలువడిన ఒక పెద్ద ఉమ్మడి ప్రయత్నంలో 100 సైకాలజీ అధ్యయనాలను తిరిగి చేసి చూస్తే, మూల అధ్యయనాలలో 97 శాతానికి గణాంకపరంగా సార్థక (కేవలం యాదృచ్ఛికమని కొట్టివేయలేని) ఫలితాలు ఉండగా, తిరిగి చేసిన వాటిలో 36 శాతానికే అలా వచ్చాయి. ఇది విని ఈ శాస్త్రమే అబద్ధమనుకునేవారు ఉన్నారు. నాకు మాత్రం తన లెక్కలను తానే బయటపెట్టి సరిచూసుకున్న శాస్త్రం మీద గౌరవం పెరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె. రామకృష్ణారావు నెలకొల్పిన పరామనోవిజ్ఞాన అధ్యయనం వల్ల తెలుగు విద్యార్థులకు ఈ చర్చ ఇంకా దగ్గరిది. అతీంద్రియ శక్తులను ప్రయోగశాలలో పరీక్షించాలన్న ఆయన పట్టుదల సరైన దారే అయినా, ఎవరు చేసినా నిలకడగా అదే ఫలితం రాకపోవడం వల్ల ఆ నిర్ధారణలను ప్రధాన స్రవంతి సైకాలజీ అంగీకరించలేదు.

ప్రాక్టికల్స్‌ను నిజంగా చేయండి

సీనియర్ల రికార్డును తెచ్చుకుని అంకెలు అటూ ఇటూ మార్చి రాసుకోవడం చాలా కళాశాలలలో ఉన్న అలవాటు. దానివల్ల పోయేది నిజాయితీ ఒక్కటే కాదు, ఈ పేపరులో అన్నిటికన్నా సంతోషాన్నిచ్చే భాగం కూడా పోతుంది.

ములర్–లయర్ భ్రమను తీసుకోండి. రెండు చివర్లా బాణపు మొనలు లోపలికి వంగిన గీత ఒకటి, బయటికి విచ్చుకున్న గీత ఒకటి. పొడవు సమానమే అయినా రెండవది పొడుగ్గా కనబడుతుంది. ప్రయోగంలో ఒక గీత స్థిరంగా ఉంటుంది, రెండవదాన్ని ప్రయోజ్యుడు జరుపుతూ రెండూ సమానంగా తోచినచోట ఆపుతాడు. సగం ప్రయత్నాలు గీతను బాగా పొడవుగా ఉంచి తగ్గిస్తూ, సగం ప్రయత్నాలు పొట్టిగా ఉంచి పెంచుతూ చేయించాలి. అలాగే గీతను కుడివైపు కొన్నిసార్లు, ఎడమవైపు కొన్నిసార్లు ఉంచాలి. ఇలా ఎందుకు చేస్తారో రికార్డులో రాసేవారు అరుదు. జరుపుతున్న దిశకే చేయి కొంచెం ఎక్కువగా సాగిపోవడం, ఒక పక్కకే కన్ను మొగ్గడం వంటి దోషాలు ఒకదానినొకటి రద్దు చేసుకోవడానికే ఆ ఏర్పాటు. వెనకవైపు ఉన్న స్కేలు ప్రయోజ్యునికి కనబడకుండా చూడండి. తప్పో ఒప్పో మధ్యలో చెప్పకండి. చివరన సగటు తీసి, అసలు పొడవు నుంచి ఎంత తేడా వచ్చిందో చూస్తే అదే భ్రమ పరిమాణం.

ఆ తరువాత అసలు ప్రశ్న అడగండి: ఈ భ్రమ అందరికీ ఒకేలా ఉంటుందా? 1966లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనం వివిధ సమాజాలలో దీనిని కొలిచి, కొన్ని చోట్ల ఇది చాలా బలంగా, కొన్ని చోట్ల దాదాపు లేనంత బలహీనంగా ఉన్నదని చూపింది. గోడలు, మూలలు, నలుచదరపు గదుల మధ్య పెరగడం వల్ల కన్ను అలా అలవాటు పడుతుందన్నది ఒక వివరణ. దాని మీద వాదోపవాదాలు ఇంకా ఉన్నాయి. పాఠ్యపుస్తకంలోని ఫలితాలలో ఎక్కువ భాగం అమెరికా, యూరప్ విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద జరిగిన పరిశోధనల నుంచి వచ్చినవే. కాబట్టి "మనిషి" అని పుస్తకం రాసినచోట "ఏ మనిషి?" అని అడిగే హక్కు శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో కూర్చుని చదువుతున్న విద్యార్థికి పూర్తిగా ఉంది.

స్మృతి ప్రయోగానికి అర్థరహిత పదాంశాలు అవసరమైనప్పుడు ఇంగ్లీషు పుస్తకంలోని మూడక్షరాల జాబితాను ఎత్తి రాయకండి. తెలుగు మాట్లాడే స్నేహితుని మీద ప్రయోగం చేస్తున్నప్పుడు తెలుగు అక్షరాలతోనే తయారు చేయాలి, అది అనుకున్నంత తేలిక కాదు. రెండక్షరాలు కలిపితే చాలు, తెలుగులో ఏదో ఒక అర్థం, లేదా ఎవరిదో ముద్దుపేరు తట్టుతుంది. "ఝుబె", "ణెఘొ" వంటి నలభై పదాంశాలను తయారుచేసి, ప్రయోగంలో పాల్గొనని ఐదుగురికి చూపి, ఏదైనా గుర్తుకు వచ్చిందని ఎవరన్నా ఆ పదాన్ని తీసేయండి. మిగిలినవాటితో జాబితా కూర్చండి. ఈ ఒక్క పని చేస్తే ఎబింగ్‌హౌస్ ఎంత శ్రమపడ్డాడో వేళ్ళకు తెలుస్తుంది, వైవాలో మీ మాటకు బరువు వస్తుంది.

స్నేహితుడిని ప్రయోజ్యుడిగా కూర్చోబెట్టే ముందు, ఏం చేయబోతున్నారో చెప్పి, ఇష్టం లేకపోతే మధ్యలో లేచిపోవచ్చని చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. రికార్డులో పూర్తి పేరు బదులు పొడి అక్షరాలు సరిపోతాయి.

సైకాలజీ చెప్పినట్టే సైకాలజీని చదవండి

ఎలా చదివితే గుర్తుంటుందన్న ప్రశ్నకు తన సిలబస్‌లోనే జవాబు ఉన్న సబ్జెక్టు ఇది. రోడిగర్, కార్పికీ అన్న పరిశోధకులు 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని చదివారు. తరువాత కొందరు దాన్నే మళ్ళీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నది కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారిదే పైచేయి, 81 శాతానికి 75 శాతం. వారం తరువాత పరీక్షిస్తే లెక్క తిరగబడింది: మళ్ళీ చదివినవారికి 42 శాతం, రాసి చూసుకున్నవారికి 56 శాతం. పరీక్ష ముందు రాత్రి నోట్సును నాలుగుసార్లు తిరగేసినప్పుడు "అంతా వచ్చేసింది" అనిపించే భావన ఎందుకు మోసం చేస్తుందో ఈ అంకెలు చెబుతున్నాయి.

దీనిని మీ వారంలో ఇలా అమర్చుకోండి. తరగతి జరిగిన రోజు సాయంత్రం, నోట్సు తెరవకుండానే, పది నిమిషాలపాటు ఆ రోజు విన్నదంతా తెల్లకాగితం మీద రాయండి. ఆ తరువాతే నోట్సు తెరిచి, వదిలేసినవాటిని వేరే రంగు సిరాతో చేర్చండి. మూడు రోజుల తరువాత ఒకసారి, వారం తరువాత ఒకసారి, నెల తరువాత ఒకసారి అదే పని చేయండి. రెండవసారికి మరచిపోయినట్టు అనిపించడం సహజం. ఆ కష్టపడి గుర్తుతెచ్చుకోవడంలోనే ప్రయోజనం ఉంది. ఆదివారం నాడు ఒక భావాన్ని ఎంచుకుని, ఇంగ్లీషు పదం ఒక్కటి కూడా రాకుండా అమ్మకో నాన్నకో చెప్పండి. వారు వేసే మొదటి ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోతే, మళ్ళీ చదవవలసినది ఆ భాగమే.

"నేను చూసి నేర్చుకునే రకం, వాడు విని నేర్చుకునే రకం" అన్న విభజనను నమ్మి చదువు తీరును కట్టేసుకోకండి. విద్యార్థిని అతని శైలికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటాడనడానికి తగిన రుజువు లేదని 2008లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష తేల్చింది. ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాలలో ఈ మాట ఇంకా కనబడుతూనే ఉంది కాబట్టి మరీ చెప్పవలసి వస్తోంది.

పరీక్షలో సమాధానం

నిర్వచనం ఒక వాక్యం, దానికి ఆధారమైన పరిశోధన మూడు నాలుగు వాక్యాలు, మీ సొంత ఉదాహరణ ఒకటి, ఆ పరిశోధన పరిమితి ఒకటి అన్న వరుసలో రాయండి. కార్డుకు ముందువైపు, వెనకవైపు మీరు రాసుకున్నదే ఇది. తెలుగులో రాసేవారు పారిభాషిక పదం మొదటిసారి వచ్చినచోట ఇంగ్లీషు పేరు కూడా తెలుగు లిపిలో పక్కన పెడితే దిద్దేవారికి సందేహం ఉండదు. నాడీకణం, విస్మృతి వక్రరేఖ, నిబంధన (కండిషనింగ్) ప్రక్రియల పటాలను గడియారం పెట్టుకుని రెండేసి నిమిషాలలో గీయడం సాధన చేయండి. ఫ్రాయిడ్ మీద నాలుగు పేజీలు నింపి పరిశోధన పద్ధతుల ప్రశ్నను వదిలేయడం మార్కుల పరంగా కూడా నష్టమే.

మానసిక రుగ్మతల అధ్యాయం దగ్గర జాగ్రత్త

ఈ అధ్యాయం మొదటి సెమిస్టర్‌లోనే రావచ్చు, తరువాత రావచ్చు. ఎప్పుడు వచ్చినా, చదువుతున్న ప్రతి లక్షణమూ మనలోనే ఉన్నట్టు, లేదా ఇంట్లో ఫలానావారిలో ఉన్నట్టు అనిపిస్తుంది. దిగులు, ఆందోళన, అనుమానం అందరికీ ఉండేవే. అవి ఎంతకాలంగా ఉన్నాయి, నిద్రనూ చదువునూ పనినీ ఎంతగా దెబ్బతీస్తున్నాయి అన్నవాటిని శిక్షణ పొందినవారు తూచి చూసి నిర్ధారిస్తారు. మొదటి పేపరు చదివిన విద్యార్థి స్నేహితునికి "నీకు బైపోలార్" అనో, తల్లికి "నీకు ఓసీడీ" అనో పేరు పెట్టడం వారికి గాయం చేస్తుంది. ఆ పని ఎన్నడూ చేయకండి. ఎవరైనా నమ్మి మీ దగ్గర బాధ చెప్పుకుంటే, సలహా ఇవ్వకుండా వినండి, తగినవారి దగ్గరికి వెళ్ళడానికి తోడు వెళ్ళండి.

మీకే నిజంగా భారంగా ఉంటే ఆలస్యం చేయకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఆ పేర్లు చెప్పి ఎగతాళి చేసుకునే అలవాటును ఈ సబ్జెక్టు చదువుతున్నవారైనా మానాలి, ఎందుకంటే ఆ ఎగతాళికి భయపడే ఎందరో వైద్యం లేకుండా ఉండిపోతున్నారు.

తరువాతి మెట్టు

ఈ పేపరు నచ్చి ఇదే వృత్తి కావాలనుకుంటే, దారులు ముందే తెలుసుకోండి. సైకియాట్రిస్టు కావాలంటే ఎంబీబీఎస్ చేసి ఆ విభాగంలో పీజీ చేయాలి. మందులు రాసేది వారే. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే సైకాలజీలో డిగ్రీలతో పాటు, 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ, ఆ మండలిలో నమోదు ఉండాలి. సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం గల వ్యక్తుల కోసం 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ వంటి చోట్ల ఈ రంగంలోని పని ఎలా ఉంటుందో తెలుసుకునే వీలుంటుంది. కొన్ని వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో కౌన్సెలర్ అయిపోవచ్చన్న ప్రకటనలకు డబ్బు కట్టే ముందు, ఆ సర్టిఫికెట్‌ను ఎవరు గుర్తిస్తారని రాతపూర్వకంగా అడగండి.

ఈ సబ్జెక్టును కొనసాగిస్తే ముందు ముందు గణాంకాలు తప్పవు, చాలామంది వెనక్కి తగ్గేది అక్కడే. సెమిస్టర్ సెలవులలో మీ ములర్–లయర్ ప్రయోగం అంకెలనే ముందు వేసుకుని, సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం చేత్తో లెక్కించండి. మీరే ఒక మనిషిని కూర్చోబెట్టి, మీ కళ్ళ ముందు పుట్టించిన అంకెలవి కాబట్టి, ఒక్కొక్కటి ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసు.